కలుగు లోపలి లోకం

నూజివీడు ప్రాంతపు మామిడి తోటలో పైకి కనిపించేది ఎర్రనేల, దానిమీద వరుసలు తీరిన ముదురు చెట్లు, వేసవి వచ్చేసరికి కొమ్మలను వంచే చిన్నరసాలు, పెద్దరసాలు, బంగినపల్లి, కలెక్టర్ కాయలు. అదే నేలను రెండు మూడు అడుగుల లోతున నిలువుగా కోసి చూస్తే మామిడి వేర్లతో పాటు చెదపురుగుల దారులు, చీమల గదులు, ఎలుకల కలుగులు ఒకదాని పక్కన ఒకటి అల్లుకొని ఉంటాయి. నేల కింద బతికే జంతువుకు కలుగు తలదాచుకొనే చోటు మాత్రమే అనుకుంటే దాని జీవితం సగమే అర్థమవుతుంది. అది పీల్చే గాలి, దాని ఒంటి వేడి, తినే తిండి, ఎవరితో కలిసి ఉండాలో ఎవరిని తరిమివేయాలో తెలిపే వాసన, ఇవన్నీ ఆ మట్టి గోడల మధ్యనే నిర్ణయమవుతాయి. అందుచేత అటువంటి జంతువును జూలో సాకాలన్నా, పొలంలో అదుపు చేయాలన్నా ముందుగా తెలుసుకోవలసింది దాని కలుగునే. ఒకటి తూర్పు ఆఫ్రికాకు, మరొకటి తెలుగు నేలకు చెందిన రెండు జీవులను పక్కపక్కన పెట్టి ఈ విషయాన్ని వివరించడమే ఈ అధ్యాయం ఉద్దేశం.

ఒకే పేరు, రెండు జీవులు

ఆ రెండు జీవులకూ ఇంగ్లీషులో మోల్‌ర్యాట్ అనే పేరుంది. మోల్ అనేది ఐరోపా నేలల్లో సొరంగాలు తవ్వుకుంటూ వానపాములనూ పురుగులనూ తినే చిన్న జంతువు. తవ్వే అలవాటును బట్టి దాని పేరును కొన్ని ఎలుకలకు కూడా తగిలించారు తప్ప వాటికి దానితో చుట్టరికం ఏమీ లేదు. మన పొలాల్లో తిరిగే చిన్న పందికొక్కుకు శాస్త్రీయ నామం బాండికోటా బెంగాలెన్సిస్ కాగా, పాత ఇంగ్లీషు గ్రంథాలలో దానిని ఇండియన్ మోల్‌ర్యాట్ అని వ్యవహరించారు. పశువుల కొట్టాల దగ్గర, ఇళ్ల పునాదుల కింద కనిపించే పెద్ద పందికొక్కు దీనికి దగ్గరి బంధువు.

ఈ జీవులకు శాస్త్రం పెట్టిన బాండికోటా అనే ప్రజాతి నామం తెలుగు మాట నుంచే పుట్టింది. ఉద్రేకం కలిగినప్పుడు రోమాలు నిక్కబొడుచుకొని పందిలా గుర్రుమనే ఈ కొక్కును తెలుగువారు పందికొక్కు అన్నారు. తీరంలో వ్యాపారం చేసిన ఇంగ్లీషువారు దానిని బాండికూట్‌గా పలికారు. ఆ మాట సముద్రం దాటి ఆస్ట్రేలియాకు చేరి, అక్కడ పొట్టసంచిలో పిల్లలను పెంచే, ఎలుకలతో ఏ సంబంధమూ లేని మరో జంతువుకు పేరుగా స్థిరపడింది.

రెండో జీవి నేకెడ్ మోల్‌ర్యాట్, అంటే ఒంటిమీద వెంట్రుకలు దాదాపు లేని మోల్‌ర్యాట్. ఇకపై మోల్‌ర్యాట్ అన్న చోటల్లా దీనినే గ్రహించాలి. దీని స్వస్థలం ఇథియోపియా, సోమాలియా, కెన్యా దేశాల మెట్ట భూములు. జర్మన్ ప్రకృతి శాస్త్రవేత్త ఎడ్వర్డ్ రూపెల్ 1842లో దీనికి హెటెరోసెఫాలస్ గ్లాబర్ అని పేరు పెట్టి వర్ణించాడు. చూపుడు వేలంత పొడవు, 30, 35 గ్రాముల బరువు, ముడతలు పడిన గులాబి చర్మం, ఆవగింజంత కళ్లు, పెదవుల బయటికే పొడుచుకొని వచ్చిన నాలుగు కోరపళ్ల వంటి ముందుపళ్లు దీని ఆనవాళ్లు. పేరులో ర్యాట్ ఉన్నా వంశవృక్షంలో ఇది ఇంటి ఎలుక కంటే ఏదుపందికీ గినీ పిగ్‌కూ దగ్గర. పందికొక్కు మాత్రం అసలైన ఎలుకల కుటుంబానికే చెందుతుంది. చుట్టరికం ఇంత దూరమైనా నేల కింద బతకవలసి రావడం వల్ల ఈ రెండూ తవ్వడంలో, ద్వారాలు మూయడంలో కొన్ని పోలికలు సంతరించుకున్నాయి. సంఘజీవనం దగ్గరకు వచ్చేసరికి మాత్రం పూర్తిగా వ్యతిరేక దిశల్లో నడిచాయి.

పందికొక్కు: ఒంటరి గృహస్థు

నూజివీడు మెట్ట నుంచి దక్షిణంగా హనుమాన్ జంక్షన్ దాటి దిగితే కృష్ణా డెల్టా వరి మాగాణి మొదలవుతుంది. పందికొక్కుకు ఈ రెండు నేలలూ పరిచితమే. మాగాణిలో అది పొలం గట్లను ఆశ్రయిస్తుంది. మెట్టలో తోటల పాదులనూ నీటి బోదెల అంచులనూ కంచెల మొదళ్లనూ ఎన్నుకుంటుంది. కలుగు సాధారణంగా మూడు అడుగుల లోతుకు లోపలే ఉండి, ప్రధాన సొరంగం నుంచి చీలిన దారులతో, అనేక ద్వారాలతో విస్తరిస్తుంది. గడ్డీ ఆకులూ పరిచి పిల్లలను పెట్టుకొనే గది ఒకటి, తిండి దాచుకొనే గదులు కొన్ని, ప్రమాదం వస్తే పైనున్న పలుచని మట్టి పొరను తలతో పగలగొట్టి పారిపోవడానికి సిద్ధంగా ఉంచుకొన్న దొడ్డిదారి ఒకటి అందులో కనిపిస్తాయి. లోపల ఉన్నప్పుడు వాడుక ద్వారాన్ని మట్టితో మూసివేయడం దీని అలవాటు కాబట్టి, తెరిచి ఉన్న కన్నం కంటే కొత్త మట్టి పోసి మూసిన కన్నమే జంతువు ఉనికికి నమ్మదగిన గుర్తు.

వరి కోతల కాలంలో కంకులను కొరికి లోపలికి ఈడ్చుకుపోయి ఒక్కో కలుగులో కిలోల కొద్దీ ధాన్యాన్ని కూడబెట్టే ఈ జంతువు, ఆ సంపదను మరొక పందికొక్కుతో పంచుకోదు. ఎదిగిన జంతువు ఒక్కొక్కటి ఒక్కో కలుగుకు యజమాని. మగ ఆడ కలిసేది స్వల్పకాలమే, పిల్లల పెంపకం తల్లి ఒక్కదానిదే. సుమారు మూడు వారాల గర్భం, ఒక్కో కాన్పులో అయిదు నుంచి పది పిల్లలు, మూడు నెలలకే ఆ పిల్లలకు ఈడు రావడం, ఏడాది దాటకుండానే ఎక్కువ భాగం చనిపోవడం దీని జీవితక్రమం. త్వరగా పుట్టి, త్వరగా పెరిగి, త్వరగా పోయే ఈ జీవికి సంఖ్యాబలమే రక్ష.

మోల్‌ర్యాట్: ఒకే తల్లి బిడ్డల రాజ్యం

తేనెపట్టులోనూ చెదపుట్టలోనూ కనిపించే ఒక ఏర్పాటును జీవశాస్త్రం యూసోషియాలిటీ అంటుంది. తెలుగులో దానిని సంపూర్ణ సంఘజీవనం అనవచ్చు. ఒకే గుంపులో అనేక తరాలు కలిసి ఉండటం, పిల్లల పోషణ అందరి బాధ్యత కావడం, సంతానం కనే హక్కు ఒకరిద్దరికే పరిమితమై మిగిలినవారు శ్రమకే అంకితం కావడం దీని మూడు లక్షణాలు. ఇది కీటకాలకే చెల్లుతుందని శాస్త్రజ్ఞులు నమ్ముతున్న కాలంలో, అంటే 1970ల మధ్యలో, అమెరికా జీవశాస్త్రవేత్త రిచర్డ్ అలెగ్జాండర్ తన ఉపన్యాసాలలో ఒక ఊహను ముందుకు తెచ్చాడు. క్షీరదాలలో ఇటువంటి జీవి ఉంటే అది ఉష్ణమండలపు గట్టి నేలలో సొరంగాలు తవ్వుకొని, పెద్ద దుంపలు తింటూ, శత్రువులకు సులభంగా దొరకని గూటిలో బతికే ఎలుక వంటి జంతువై ఉండాలని ఆయన తర్కించాడు. ఆ వర్ణన విన్న శ్రోత ఒకరు అది ఆఫ్రికా మోల్‌ర్యాట్‌కు సరిపోతుందని గుర్తుచేశాడు. ఆ జీవులను ఏళ్ల తరబడి సాకుతూ పరిశీలిస్తూ వచ్చిన జెన్నిఫర్ జార్విస్ 1981లో ప్రచురించిన పరిశోధనతో ఆ ఊహ నిజమని తేలింది. క్షీరదాలలో సంపూర్ణ సంఘజీవనం మొదటిసారి నిరూపితమైంది.

ఒక గుంపులో సగటున 70, 80 జంతువులుంటాయి. కొన్నిచోట్ల ఆ సంఖ్య 300 వరకూ చేరుతుంది. వాటన్నింటిలో పిల్లలను కనేది ఒకే ఒక రాణి. దానితో జతకట్టేవి ఒకటి నుంచి మూడు మగవి. మిగిలినవన్నీ పనివారు. కొన్ని ముందుపళ్లతో మట్టిని కొరికి సొరంగాలు పొడిగిస్తాయి, కొన్ని వరుసగా నిలిచి ఆ మట్టిని వెనుకకు ఊడుస్తాయి, చివరిది దానిని కాళ్లతో పైకి చిమ్ముతుంది. పెద్దవి పాములు వచ్చినప్పుడు దారికి అడ్డం నిలుస్తాయి. శరీరంలోని మొత్తం కండరాలలో దాదాపు నాలుగో వంతు దవడలదే. మెదడులో స్పర్శను గ్రహించే ప్రాంతంలో సుమారు మూడో వంతు ముందుపళ్ల నుంచి వచ్చే సమాచారానికే కేటాయించి ఉందని 2002లో వెల్లడైంది. చూపు దాదాపు లేని ఈ జీవికి పళ్లే పలుగు, పళ్లే చేతివేళ్లు.

రాణి గర్భకాలం సుమారు 70 రోజులు. మనుషుల సంరక్షణలో ఏడాదికి నాలుగైదు కాన్పులు, ఒక్కో కాన్పులో సగటున పది పన్నెండు పిల్లలు సాధారణం కాగా, 28 పిల్లలు పుట్టిన కాన్పు కూడా నమోదైంది. పనివారైన ఆడవి గొడ్డువి కావు. రాణి సమక్షంలో వాటి అండాశయాలు ఎదగక నిలిచిపోతాయి. వాటిని గుంపు నుంచి వేరుచేసి మగదానితో ఉంచితే కొద్ది రోజులలోనే గర్భధారణకు సిద్ధమవుతాయి. పాలు మానే దశలో పిల్లలు పెద్దల మలాన్ని అడిగి తింటాయి. పీచు పదార్థాన్ని జీర్ణం చేసే సూక్ష్మజీవులు వాటి పేగుల్లోకి చేరేది ఆ మార్గంలోనే. గర్భిణి రాణి మలాన్ని తిన్న పనివారిలో పిల్లల అరుపులకు స్పందించే గుణం పెరుగుతుందని 2018లో జపాన్ పరిశోధకులు చూపారు. తల్లి హార్మోన్లు ఆ రూపంలో దాదులకు అందుతున్నాయన్నమాట.

తిండి విషయంలోనూ వీటి పద్ధతి గమనించదగ్గది. ఇవి ఆశ్రయించే దుంపలలో కొన్ని కిలోల కొద్దీ బరువు తూగుతాయి. వాటిని లోపలి నుంచి కొంత తిని, తొక్కను మిగిల్చి, తొలిచిన చోటును మట్టితో పూడ్చివేయడం వల్ల దుంప చావకుండా మళ్లీ ఊరుతుంది. ఇవి వేరుగా నీళ్లు తాగవు. దుంపలోని తేమతోనే సరిపెట్టుకుంటాయి.

మూసిన గదిలో ఊపిరి

మామిడి కాయలను వరిగడ్డిలో మాగవేసిన గది తలుపు తెరిచినప్పుడు ముఖానికి తగిలే వేడి, ఉక్క నూజివీడు ప్రాంతపు రైతులందరికీ అనుభవమే. కోసిన తరువాత కూడా కాయ శ్వాసిస్తూనే ఉంటుంది కాబట్టి గాలి ఆడని గదిలో ప్రాణవాయువు తగ్గి, బొగ్గుపులుసు వాయువు పెరిగి, వేడి పుడుతుంది. వంద జంతువులు ఒకదానిపై ఒకటి పడుకొనే మోల్‌ర్యాట్ పడక గది పరిస్థితి కూడా ఇటువంటిదే. లక్షల ఏళ్లుగా అటువంటి గాలికి అలవాటు పడిన ఆ శరీరం ఏమేరకు తట్టుకోగలదో 2017లో జరిగిన ప్రయోగాలలో తేలింది. మామూలు గాలిలో ప్రాణవాయువు 21 శాతం ఉండగా, అది 5 శాతానికి పడిపోయిన గాలిలో చుంచెలుకలు పావుగంటలోపే చనిపోతే, మోల్‌ర్యాట్‌లు అయిదు గంటలు ఏ ఇబ్బందీ లేకుండా గడిపాయి. ప్రాణవాయువు పూర్తిగా లేనప్పుడు 18 నిమిషాల వరకూ స్పృహ లేని స్థితిలో ఉండి, తిరిగి గాలి తగలగానే కోలుకున్నాయి. ఆ సమయంలో మెదడు, గుండె కణాలు గ్లూకోజుకు బదులు ఫ్రక్టోజు అనే పండ్ల చక్కెరను ఇంధనంగా వాడుకున్నాయి. ఈ మార్గానికి ప్రాణవాయువు అవసరం లేదు.

ఇంత ఓర్పు గల జీవికి సొంతంగా ఒంటి వేడిని నిలుపుకొనే శక్తి మాత్రం తక్కువ. క్షీరదమైనప్పటికీ దాని శరీర ఉష్ణోగ్రత పరిసరాలను అనుసరిస్తుంది. చలి అనిపిస్తే నేలపొరకు దగ్గరగా ఉన్న వెచ్చని సొరంగాలకు పోతుంది, లేదా గుంపులో చేరి ఒదిగి పడుకుంటుంది. ఒంటిమీద లేని వెంట్రుకల పనిని చుట్టూ ఉన్న శరీరాలు చేస్తాయి. సాకేవారికి దీనిలో ఒక స్పష్టమైన సూచన ఉంది: ఈ జంతువును ఒంటరిగా ఉంచడమంటే దానిని చలికి వదిలేయడమే.

జూలో కలుగు కట్టడం

సింహానికీ జింకకూ జూలో స్థలం కావాలి. మోల్‌ర్యాట్‌కు కావలసింది స్థలం కంటే కలుగు. పారదర్శకమైన యాక్రిలిక్ గొట్టాలను సొరంగాలుగా, పెట్టెలను గదులుగా అమర్చి, వాటి గోడల గుండా సందర్శకులు లోపలి జీవితాన్ని చూసేలా అనేక దేశాల జూలు ఈ ఏర్పాటు చేశాయి. వాషింగ్టన్‌లోని స్మిత్సోనియన్ జాతీయ జూ 2018లో తన చిన్న క్షీరదాల భవనంలో ఒక గుంపును ప్రదర్శనకు పెట్టి, ఇంటర్నెట్ కెమెరా ద్వారా ప్రపంచమంతా చూసే వీలు కల్పించింది. చీకటి జీవులను మనుషులకు చూపే కళ తెలుగువారికీ కొత్తది కాదు. 1963లో ప్రారంభమైన హైదరాబాద్ నెహ్రూ జంతుప్రదర్శనశాలలోని నిశాచర జంతువుల భవనంలో రాత్రివేళ దీపాలు వెలిగించి, పగటివేళ వెన్నెల వంటి మసక వెలుతురు ఉంచి, జంతువుల రాత్రిని సందర్శకుల పగలుగా మార్చే పద్ధతిని అనుసరించారు. పుట్టుకతో చీకటికి చెందిన జీవి ముందు మనిషే తన వెలుగును తగ్గించుకోవాలన్న సూత్రం ఆ భవనంలోనూ ఈ గొట్టాల కలుగులోనూ ఒకటే.

గది ఉష్ణోగ్రత ఏడాది పొడవునా 30 డిగ్రీల సెల్సియస్‌కు అటూఇటూగా నిలవాలి, గాలిలో తేమ ఉండాలి, లేకపోతే పలుచని చర్మం ఎండి పగులుతుంది. ఆహారంగా చిలగడదుంప, క్యారెట్, మొక్కజొన్న, ఇతర దుంపలు ఇస్తారు. గర్భిణి రాణికీ పిల్లలకూ మాంసకృత్తులు చాలేందుకు నానబెట్టిన ధాన్యపు పిండిని చేరుస్తారు. నీటి గిన్నె అవసరం లేదు. కొరకడానికి చెక్క ముక్కలు, తవ్వి తెరుచుకోవడానికి అడ్డుపెట్టిన దారులు ఇవ్వాలి. ఆగకుండా పెరిగే పళ్లు అరిగేది పనితోనే, పనివారు అనే మాటకు అర్థం మిగిలేది కూడా పనితోనే.

శుభ్రం చేయడంలోనే సంరక్షకుడి అసలైన తెలివి బయటపడుతుంది. మోల్‌ర్యాట్‌లు ఒక గదిని మలమూత్రాలకే కేటాయించుకొని, అందులో పొర్లి, గుంపు వాసనను ఒంటికి పట్టించుకుంటాయి. ఎవరు తనవారో ఎవరు పరాయివారో తేల్చేది ఆ వాసనే. మనిషి కంటికి మురికిగా తోచే ఆ గదిని కడిగి మెరిపిస్తే గుంపు తన గుర్తింపును కోల్పోతుంది. అందుకే కలుగునంతా ఒకేసారి కడగకుండా, కొంత పాత పడక మెత్తను మిగిల్చి, ఒక్కో భాగాన్ని విడివిడిగా శుభ్రం చేస్తారు. మరో గుంపు జంతువును తెచ్చి కలపడం దానికి మరణశిక్ష విధించడమే అవుతుంది. తలుపుల చప్పుడు, నేల అదురు కూడా వీటిని కలవరపెడతాయి, ఎందుకంటే కలుగులో అదురు అంటే పాము రాక, లేదా పైకప్పు కూలడం.

రాణి మరణం ఇంకా పెద్ద పరీక్ష. ఆ తరువాత బలమైన ఆడవాటి మధ్య వారసత్వ పోరు మొదలై, వారాల తరబడి సాగి, కొన్ని ప్రాణాలు తీయవచ్చు. ఏడు గుంపుల నుంచి 36 వేలకు పైగా కూతలను నమోదుచేసిన పరిశోధకులు 2021లో ఒక్కో గుంపుకు ఒక్కో యాస ఉందని, పసితనంలో మరో గుంపులో పెరిగిన పిల్లలు ఆ పెంపుడు గుంపు యాసనే నేర్చుకుంటాయని, రాణి లేని కాలంలో ఆ ఉమ్మడి యాస చెదిరిపోతుందని కనుగొన్నారు. పరీక్షల కోసమో చికిత్స కోసమో ఒక జంతువును ఎక్కువ రోజులు వేరుచేస్తే అది తిరిగి వచ్చేసరికి పరాయిదై పోయే ప్రమాదం ఉంది. పశువైద్యుడు సైతం వ్యాధితో పాటు వాసననూ పరిగణించి తన పని త్వరగా ముగించాలి.

ఈ శ్రద్ధకు ప్రతిఫలంగా ఈ జీవులు శాస్త్రానికి ఇచ్చింది చాలా ఉంది. ఇంత చిన్న జంతువు అయిదారేళ్లు బతికితే గొప్ప అనుకొనేచోట ఇవి 30 ఏళ్లు దాటి జీవిస్తాయి. రోషెల్ బఫెన్‌స్టీన్ బృందం దశాబ్దాల పాటు సాకిన మూడు వేలకు పైగా జంతువుల వివరాలను 2018లో విశ్లేషించి, వయసు పెరిగే కొద్దీ మరణించే అవకాశం పెరగడమనే సాధారణ నియమం వీటిలో కనిపించడం లేదని ప్రకటించింది. క్యాన్సర్ వీటికి బహు అరుదు. రానే రాదని చెప్పుకొన్న మాటను సవరించినవి 2016లో వెలువడిన రెండు కేసులు. అవి జూలో నివసించిన జంతువులవి. చనిపోయిన ప్రతి జంతువునూ శ్రద్ధగా పరీక్షించిన జూ పశువైద్యుల వల్లనే శాస్త్రం తన మాటను సరిదిద్దుకోగలిగింది.

తోటలో అదే జ్ఞానం

పందికొక్కును ఎవరూ జూలో కోరి పెంచరు. తోటలో దానితో పోరాటమే ఉంటుంది. పాదు కింద కలుగు పడితే వేర్ల చుట్టూ మట్టి బోలుగా మారి పెట్టిన నీరు నిలవక జారిపోతుంది, లేత అంట్ల వేర్లు కొరుకుడుకు గురవుతాయి. అయినా ఇక్కడ కూడా విజయం దాని స్వభావాన్ని ఎరిగినవారిదే. గోదావరి డెల్టాలోని మారుటేరు వ్యవసాయ పరిశోధన స్థానం వంటి సంస్థలు రైతులకు చెప్పే పద్ధతి కలుగుల లెక్కతో మొదలవుతుంది. మొదటి రోజు కనిపించిన కన్నాలన్నింటినీ మట్టితో మూస్తారు. మరునాడు తిరిగి తెరుచుకొన్నవి మాత్రమే జంతువు ఉన్న కలుగులు, మందు పెట్టవలసింది వాటిలోనే. 96 పాళ్ల నూకలకు రెండు పాళ్ల నూనె, రెండు పాళ్ల బ్రోమోడయోలిన్ మందు కలిపి పొట్లాలుగా కట్టి లోపల పెడతారు. జింకు ఫాస్ఫైడ్ వంటి తక్షణ విషాన్ని కొద్దిగా రుచి చూసి బాధపడి బతికిన పందికొక్కు ఆ ఎరను మళ్లీ ముట్టదు. అందుకే ఆ మందు వాడేవారు ముందుగా విషం లేని ఎరను అలవాటు చేస్తారు. బ్రోమోడయోలిన్ రక్తం గడ్డకట్టకుండా చేసి కొన్ని రోజుల తరువాత చంపుతుంది కాబట్టి జంతువు అనుమానించదు. అయితే విషం తిన్న ఎలుకను పట్టిన గుడ్లగూబకూ ముప్పే కనుక, చనిపోయినవాటిని ఏరి పూడ్చడం రైతు బాధ్యత.

ఒక్క రైతు తన తోటను మాత్రమే బాగుచేసుకుంటే ఫలితం నిలవకపోవడానికి కారణం పందికొక్కు ఒంటరితనమే. యజమాని చనిపోయిన కలుగు తయారైన ఇల్లుగా మిగిలిపోతుంది, పక్క గట్టున పెరిగి సొంత చోటు వెతుక్కుంటున్న పిల్ల పందికొక్కు దానిని ఆక్రమిస్తుంది. అందుకే ఊరంతా ఒకేసారి, పైరు పొట్టదశకు రాకముందే, సామూహికంగా చేపట్టినప్పుడే మేలు కనిపిస్తుంది.

ఈ శాస్త్రం ప్రయోగశాలలలో పుట్టకముందే కలుగును చదివినవారు యానాదులు. కృష్ణా, గుంటూరు, నెల్లూరు ప్రాంతాల పొలాల్లో తరతరాలుగా ఎలుకలు పట్టిన ఈ గిరిజనులు కొత్త మట్టిని చూసి లోపల జంతువు ఉందో లేదో చెప్పగలరు, దొడ్డిదారి ఎటు ఉంటుందో అంచనా వేసి ముందే మూయగలరు. అడుగున చిల్లు గల కుండలో గడ్డి కాల్చి నోటితో ఊది కలుగులోకి పొగ పంపే పద్ధతి వారిది. గట్లమీద వెదురు బుట్టలు అమర్చి ఎలుకలు పట్టేవారి నేర్పు కూడా ఇటువంటిదే. తవ్వినప్పుడు దొరికిన ధాన్యం ఎన్నో పేద కుటుంబాల పొయ్యి వెలిగించింది. విషం లేకుండా, గుడ్లగూబకూ పాముకూ చేటు లేకుండా పొలాన్ని కాచిన ఆ నేర్పుకు జీవశాస్త్ర జ్ఞానంగా దక్కవలసిన గౌరవం ఇంకా పూర్తిగా దక్కలేదు.

జూ సంరక్షకుడు ఉదయం రాగానే గొట్టాల దగ్గర ముందుగా చూసేది పనివారు రాత్రి ఎక్కడ తవ్వారో, ఏ దారి మూశారో, మల గది చోటు మార్చారో అన్నదే. నూజివీడు తోటలో పొద్దున్నే పాదుల వెంట నడిచే రైతు, అతనికి ముందు తరాలలో ఆ గట్ల మీద నడిచిన యానాది కూడా వెతికింది రాత్రి పోసిన కొత్త మట్టినే. ఒకరు ప్రాణం నిలపడానికి, మరొకరు పంట నిలపడానికి చూసినా, ఇద్దరికీ జవాబు చెప్పేది కలుగు నోటి దగ్గర తడి ఆరని ఆ గుప్పెడు మట్టే.